గురువారం కంచం

బాబాయి ఫోన్ చేసి, "ఇల్లు బిల్డరుకి ఇచ్చేశాం. వచ్చే నెల పడగొట్టేస్తారు. అటక మీద మీ నాన్న సామాను ఏదో ఉంది, వచ్చి చూసుకో" అన్నాడు. మాట మామూలుగానే ఉంది. పెట్టేసే ముందు మాత్రం, "నువ్వూ ఒక్కసారి చూసుకుంటావని..." అని ఆగిపోయాడు.

విజయనగరం వెళ్ళాను. నిచ్చెన వేసుకుని వంటింటి అటక ఎక్కి, చెక్క తలుపు లాగగానే వాసన ముఖాన కొట్టింది. చిలుము పట్టిన ఇత్తడి, ఎప్పటిదో చింతపండు జాడీ, వెనకాల చెదలు మిగిల్చిన కాగితాలు. నాన్న సామాను సంగతి మరిచిపోయి అక్కడే కూలబడ్డాను. అది మా మామ్మ వంటింటి వాసన. కుంపటి మీద చారు మరుగుతుంటే, పక్కన ఆనపకాయ ముక్కల్లో నువ్వుగుండ వేసి ఆవిడ గరిటె తిప్పుతుంటే వచ్చే వాసనకి ఇది అడుగున ఉండేది.

ఒక గోనెసంచిలో గిన్నెలున్నాయి. అన్నిటికన్నా అడుగున బుడితి ఊళ్ళో చేసిన కంచు కంచం. చేత్తో తుడిస్తే అంచు మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు కనిపించాయి. పెళ్ళిసామాను మీద పేర్లు కొట్టిస్తారే, అలాగ. కానీ ఇది ఎవరి పేరూ కాదు. "గురువారం" అని ఉంది.

*

ఈ కాలం పిల్లలకి వారం అంటే ఏమిటో చెప్పాలి. బయటి ఊళ్ళ నుంచి చదువుకోడానికి వచ్చిన పేద కుర్రాడు ఊళ్ళో ఏడు ఇళ్ళు కుదుర్చుకునేవాడు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో, అలా ఏడు రోజులూ భోజనం గడిచేది. విజయనగరంలో సంస్కృత కళాశాల ఉంది, సంగీత కళాశాల ఉంది. కాబట్టి వారాలబ్బాయిలకి లోటు లేదు. నా చిన్నప్పటికే ఆ పద్ధతి చివరికి వచ్చేసింది. అయినా మా ఇంట్లో గురువారం మాత్రం నిలిచింది.

మామూలుగా వారాలబ్బాయికి వసారాలో అడ్డాకు విస్తరి వేసేవారు. ఇంట్లోవాళ్ళందరికీ కంచాలు, అతనికి ఆకు. ఇది మామ్మకి నచ్చలేదు. సామాన్లవాడు వీధిలోకి వచ్చినప్పుడు పాత బిందె ఒకటి మార్చి ఈ కంచం తీసుకుంది. గురువారం అని కొట్టించింది. తాతగారి కంచం పక్కన అది పెట్టేది. అబ్బాయిలు మారేవారు గాని కంచం మారలేదు. నాకు ఊహ తెలిసేసరికి ఆ కంచంలో తింటున్నది బొబ్బిలి అవతల ఏదో పల్లె నుంచి వచ్చిన గాత్రం విద్యార్థి. మేం పిల్లలం అతన్ని గురువారం అన్నయ్య అనేవాళ్ళం. ఒకటే పంచె, ఒకటే చొక్కా. రాత్రి ఉతికి ఆరేసుకుని, పొద్దున్న అవే కట్టుకునేవాడు. మామ్మ వడ్డించే లోపల కంచం అంచు మీద వేళ్ళతో తాళం వేస్తూ లోలోపల ఏదో పాడుకునేవాడు. కంచు కదా, సన్నగా మోగేది. ఆ మోత మీదే మా తాతగారు "ఊఁ... ఊఁ..." అని తల ఊపేవారు.

*

తాతగారు తెలుగు పండితులుగా చేసి రిటైరయ్యారు. సాయంత్రం నాలుగయ్యేసరికి చేతికర్ర తీసేవారు. నేను వెనకాల. మూడు లాంతర్ల దగ్గర్నుంచి గంటస్తంభం, అక్కణ్ణుంచి కోట పక్కగా అయ్యకోనేరు గట్టు. రోజూ ఇదే దారి. దారి పొడుగునా కథలు. గొప్పవాళ్ళ కథలే, కానీ వాళ్ళు గొప్పవాళ్ళు కాకముందువి.

"పుస్తకం రాసిన తరవాత సంగతి అందరికీ తెలుసు. పుస్తకాల్లోనే ఉంది, చదువుకో. ఆ కుర్రాడు ఈ ఊరు వచ్చినరోజు రాత్రి ఎవరింట్లో తిన్నాడో, అది చూడాలి" అనేవారు.

మొదటి మజిలీ గురజాడవారి ఇల్లు. దాని ముందుకి రాగానే కండువా సర్దుకునేవారు. అప్పారావుగారు 1862లో పుట్టింది మేనమామగారి ఊరు రాయవరంలో. తండ్రి ఉద్యోగం చీపురుపల్లిలో కాబట్టి మొదటి చదువు అక్కడే. తండ్రి పోయాక ఈ ఊరు వచ్చారు. ఇక్కడ ఆదరువు లేని పిల్లవాణ్ణి కాలేజీ ప్రిన్సిపాలు చంద్రశేఖరశాస్త్రిగారు చేరదీసి, ఇంట్లోనే ఉంచుకుని, అన్నం పెట్టి చదివించారు.

"కన్యాశుల్కం ఎవరు రాశారు?" అని అడిగేవారు తాతగారు.

"గురజాడ."

"ఎవరి అన్నం తిని?"

"చంద్రశేఖరశాస్త్రిగారి అన్నం తిని."

అప్పుడు గాని కర్ర ముందుకి కదిలేది కాదు. ఆ నాటకం ఈ ఊళ్ళోనే 1892లో మొదటిసారి ఆడారనీ, అందులో మొదట్లోనే వచ్చే బొంకుల దిబ్బ మనం ఇప్పుడు నడుస్తున్న ఈ నేలేననీ ఆ తరవాత చెప్పేవారు. నాకైతే బొంకుల దిబ్బ అంటే సంత, బళ్ళు, దుమ్ము. పుస్తకంలోకి ఎక్కేంత విశేషం ఏముందో తెలిసేది కాదు.

*

ఒకసారి వేసవి సెలవుల్లో తాతగారు నన్ను పర్లాకిమిడి తీసుకెళ్ళారు. నౌపడా దాకా పెద్ద రైలు, అక్కడ దిగి చిన్న రైలు. ఆ చిన్న రైలు ఇప్పటివాళ్ళు చూసి ఉండరు. పట్టాల మధ్య వెడల్పు రెండడుగుల చిల్లర. పెట్టెలో ఎదురెదురుగా కూర్చుంటే మోకాళ్ళు తగిలేవి. టెక్కలి, పాతపట్నం దాటుకుంటూ తీరుబడిగా వెళ్ళేది. బొగ్గునుసి కళ్ళల్లో పడకుండా తాతగారు కండువా నా తలకి చుట్టారు. స్టేషన్లలో ముంజెలు అమ్ముకునేవాళ్ళు కిటికీ పట్టుకుని కూడా నడిచొచ్చేవారు.

ఆ ప్రయాణంలో గిడుగు రామమూర్తిగారి గురించి విన్నాను. 1863లో వంశధార ఒడ్డున, ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి వీర్రాజుగారికి చోడవరం బదిలీ అయింది. అక్కడ విషజ్వరం వచ్చి 1875లో ఆయన పోయారు. పిల్లవాడికి అప్పటికి పన్నెండేళ్ళు. విజయనగరంలో మేనమామ ఇంటికి చేరి మహారాజావారి ఇంగ్లీషు స్కూల్లో చదువుకున్నారు. అక్కడే గురజాడ సహాధ్యాయి.

ఇద్దరూ తండ్రి లేని పిల్లలు. ఇద్దరూ వేరొకరింట్లో కంచం ముందు కూర్చున్నవాళ్ళే. మనుషులు మాట్లాడే తెలుగులోనే రాయాలని పట్టుపట్టింది మళ్ళీ ఆ ఇద్దరే. ఈ రెండిటికీ సంబంధం ఉందని తాతగారి గట్టి నమ్మకం. "పరాయి ఇంట్లో పెరిగే పిల్లాడికి మాట బాగా వినబడుతుంది నాయనా. ఎవరు ఏ గొంతుతో పిలిచారో వాడికే తెలుస్తుంది" అనేవారు. నేనూ అదే నమ్ముతాను. వీధిలో మాట, వంటింట్లో మాట, అరుగు మీద మాట ఇంతగా చెవిన పెట్టుకున్నవాళ్ళకి అది ఎక్కడ అలవాటైంది? చిన్నప్పుడే అయి ఉంటుంది.

రామమూర్తిగారు మెట్రిక్ ప్యాసై, 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో ముప్పై రూపాయల జీతానికి టీచరుగా చేరారు. చుట్టుపక్కల కొండల్లోంచి సవరలు ఊళ్ళోకి వచ్చేవారు. వాళ్ళ భాష నేర్చుకోవాలని బుద్ధి పుట్టింది. నేర్పే పుస్తకం లేదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లోనే పెట్టుకుని, అన్నం పెట్టి, అతని దగ్గర నేర్చుకున్నారు. తరవాత సవర పిల్లలకి బడులు పెట్టారు. సవర భాషకి వ్యాకరణం రాశారు, నిఘంటువు చేశారు. కొండల్లో తిరగడంవల్ల మలేరియా పట్టుకుంది, దానికి క్వినైను వాడీ వాడీ వినికిడి పోయింది. మాట కోసం అంత తపించిన మనిషికి చెవులు పోవడం! అది చెబుతూ తాతగారు కిటికీలోంచి బయటికి చూశారు. పాతపట్నం వచ్చేదాకా మళ్ళీ మాట్లాడలేదు.

ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం. దండలు వేస్తాం. ఆ సవర మనిషి పేరు కూడా ఆ రోజు తలుచుకునే వీలుంటే బాగుండును అనిపిస్తుంది నాకు.

*

ఆదిభట్ల నారాయణదాసుగారిని తాతగారు స్వయంగా విన్నారు. కాళ్ళకి గజ్జెలు, చేతిలో చిరతలు, ఆ విగ్రహం, ఆ గొంతు. వర్ణించబోయి కుదరక చేతులెత్తేసేవారు. అందుకని దాసుగారిదీ చిన్నతనమే చెప్పేవారు. అజ్జాడలో 1864లో పుట్టిన ఆ పిల్లవాడు అయిదేళ్ళకే భాగవతం పద్యాలు చదివేవాడట. తల్లితో యాత్రకి వెళ్ళి, అంగట్లో భాగవతం కొనిపెట్టమని మారాం చేశాడట. "ఇంత పిల్లాడివి, నీకెందుకు?" అని కొట్టువాడు నవ్వితే, పద్యాలు గడగడా చదివాడట. కొట్టువాడు పుస్తకమూ ఇచ్చి, చేతిలో కాస్త డబ్బూ పెట్టాడట. మా ఊళ్ళో అందరికీ తెలిసిన కథే. తాతగారు చెప్పినప్పుడల్లా కొట్టువాడే కథానాయకుడైపోయేవాడు.

తరవాత 1883లో చెన్నపట్నం నుంచి కుప్పుస్వామినాయుడు అనే ఆయన వచ్చి ఈ ఊళ్ళో హరికథ చెప్పారు. అది విని ఇంటికెళ్ళిన దాసుగారు ధ్రువచరిత్రం కట్టి తానే చెప్పడం మొదలుపెట్టారు. అప్పటికి పంతొమ్మిదేళ్ళు.

సంగీత కళాశాల ముందు మేం తప్పకుండా ఆగేవాళ్ళం. లోపల్నుంచి సరళీ స్వరాలు, పక్క గదిలో వయొలిను, ఇంకో గదిలో మృదంగం, అన్నీ కలిసి వీధిలోకి వచ్చేవి. గేటు బయట రిక్షావాళ్ళు హుడ్డు కింద నిద్రపోయేవారు. 1919లో మహారాజావారు దాన్ని పెట్టడానికి కారణం, కొలువులో ఉన్న ఒకాయన కొడుకు చూపులేని కుర్రాడు, సంగీతమంటే ప్రాణం, వాడి కోసమేనని చెబుతారు. ఒక్క పిల్లవాడి కోసం మొదలైన బడి. నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలు.

ద్వారం వెంకటస్వామినాయుడుగారు అక్కడ చదువుకుందామని విద్యార్థిగా వచ్చారు. అన్నగారి దగ్గర ఇంట్లో నేర్చుకున్న వయొలినే తప్ప ఇంకేమీ లేదు, చూపు కూడా అంతంతమాత్రం. దాసుగారు వాయించమని విని, "నీకు నేర్పేవాళ్ళు ఇక్కడ లేరు" అన్నట్టుగా ఏకంగా అధ్యాపకుడిగా వేసుకున్నారు. 1936లో ఆయనే ప్రిన్సిపాలయ్యారు.

కుమిలి సంగతి ఒకసారే చెప్పారు, పూసపాటిరేగ వైపు బస్సులో వెళ్తూ. కాశీలో నడిచే శివుడని పేరుపొందిన త్రైలింగస్వామి మన కుమిలివాడేననీ, తల్లి పోయాక శివరామయ్యగా ఉన్న ఆయన శ్మశానం వదిలి ఇంటికి రాలేదనీ, సవతి తమ్ముడు శ్రీధరుడు అక్కడే కుటీరం వేయించాడనీ అన్నారు. నాకు ఆ రోజు రాత్రి నిద్రపట్టలేదు. శ్మశానంలో ఉన్నవాడికి అన్నం ఎవరు పట్టుకెళ్ళేవారని మర్నాడు మామ్మని అడిగాను. "తమ్ముడు ఉన్నాడుగా, ఎవరో ఒకరు పట్టుకెళ్తార్లే" అంది, బియ్యంలో రాళ్ళేరుతూ.

*

ఇప్పుడు రాయబోయేది ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు.

తాతగారికి ఒక ఇంకుపెన్ను ఉండేది. నల్లటిది, బంగారు రంగు ములుకు. నేను చెప్పకుండా స్కూలుకి పట్టుకెళ్ళాను. వస్తూ అయ్యకోనేరు మెట్ల మీద ఆడుకున్నాను. ఇంటికి వచ్చేసరికి జేబులో లేదు.

ఇంట్లో వెతికారు. ఆ రోజుల్లో చుట్టపుచూపుగా వచ్చి ఉన్న ఒక పెద్దావిడ, "బయటి కుర్రాళ్ళని వసారా దాటి రానిస్తే ఇంతే మరి" అంది. గట్టిగానే అంది. అప్పుడే కాళ్ళు కడుక్కుంటున్న గురువారం అన్నయ్య విన్నాడు. వచ్చి కూర్చున్నాడు, తిన్నాడు, కంచం కడిగి బోర్లించాడు. ఆ వేళ తాళం వెయ్యలేదు. పై గురువారం రాలేదు.

మామ్మ కంచం పెట్టి చూసింది. పప్పులో పోపు చల్లారిపోయింది. తాతగారూ తినలేదు. ఆ సాయంత్రం నడకకి వెళ్ళలేదు. అరుగు మీద కూర్చుని, పక్కింటి రేడియోలో ఘంటసాలగారి పాట వస్తుంటే విని, "ఈ గొంతు మన ఊళ్ళో ఆకలితో ఏడిచింది, తెలుసునా?" అన్నారు.

అప్పుడు చెప్పారు. ఘంటసాల వెంకటేశ్వరరావు పదకొండో ఏట తండ్రి సూరయ్యగారిని పోగొట్టుకున్నాడు. సంగీతం నేర్చుకోమని తండ్రి చెప్పిన మాట కోసం వేలి ఉంగరం అమ్ముకుని గుడివాడ వైపు నుంచి విజయనగరం వచ్చాడు. ఇక్కడ వారాలు చేసుకున్నాడు. తోటివాళ్ళెవరో చేసిన తప్పు తన మీద పడింది. ఉన్న చోటు పోయింది. అది తెలిసి వారాలు పెట్టే ఇళ్ళవాళ్ళు కూడా రావద్దన్నారు. ఎల్లమ్మ గుడిలో తలదాచుకున్నాడు. అక్కడ చూసి చేరదీసింది పట్రాయని సీతారామశాస్త్రిగారు, సాలూరు చిన్న గురువుగారు. ఆయనా పేదవాడే. పాఠం చెప్పగలరు గాని రెండు పూటలా అన్నం పెట్టలేరు. కుర్రాడు భుజాన జోలె కట్టుకుని ఇంటింటికీ వెళ్ళి మాధుకరం ఎత్తుకున్నాడు. రాత్రికని గుడ్డలో కట్టి దాచుకున్న అన్నానికి చీమలు పట్టేవి. చివరికి మేనమామ పంపిన డబ్బుతో ఒక రేకుడబ్బా కొనుక్కున్నాడు, అన్నం దాచుకోడానికి.

"రావద్దన్న ఇళ్ళు ఏవి తాతగారూ?" అని అడిగాను.

"మన ఊళ్ళోవే. మన వీధుల్లాంటి వీధుల్లోవే" అన్నారు. అని ఊరుకున్నారు.

రేకుడబ్బా దగ్గర నాకు ఏడుపు ఆగలేదు. పెన్ను సంగతి చెప్పేశాను. తాతగారు కొట్టలేదు, తిట్టలేదు. చెప్పులు వేసుకుని "నడు" అన్నారు. మామ్మ గిన్నెలో అన్నం, కూర సర్దిచ్చింది. లాంతరు నేను పట్టుకున్నాను.

గురువారం అన్నయ్య ఇద్దరు కుర్రాళ్ళతో ఒక పెంకుటింటి చివరి గదిలో ఉండేవాడు. చాప మీద కూర్చుని అటుకులు తింటున్నాడు, వట్టి అటుకులు. తాతగారిని చూసి లేచి నిలబడ్డాడు. తాతగారు నా భుజం మీద చెయ్యి వేశారు. నేను చెప్పాను. అతను ఎంతసేపో నా వైపు చూడలేదు. "చిన్నపిల్లాడు కదండీ మాస్టారూ, పర్వాలేదండీ" అన్నాడు తాతగారితో.

మళ్ళీ వచ్చాడు. ప్రతి గురువారం వచ్చాడు, చదువు పూర్తయ్యేదాకా. అదే కంచం, అదే చోటు. మామ్మ నెయ్యి ఇంకో చుక్క వేసేది. కానీ కంచం మీద తాళం మాత్రం మళ్ళీ వినలేదు. తాతగారు అన్నం కలుపుతూ ఒక్కోసారి చెయ్యి ఆపేవారు, దాని కోసం చూస్తున్నట్టు.

కొన్నేళ్ళ తరవాత ఒక కార్డు వచ్చింది. ఎక్కడో హైస్కూల్లో సంగీతం మాస్టారుగా ఉద్యోగం వచ్చిందని, అమ్మగారి చేతి నువ్వుగుండ కూర మరిచిపోలేదని. కింద "మీ గురువారం అబ్బాయి" అని సంతకం. మామ్మ చూరులో చెక్కి దాచింది. ఒక వానాకాలం తడిసిపోయింది.

*

నాన్న సామాను రెండు ట్రంకుపెట్టెల నిండా పాత వారపత్రికలు, కథలున్నవి. మర్నాడు వాటిని శ్రీకాకుళం తీసుకెళ్ళి కథానిలయంలో ఇచ్చాను. మురపాక కుర్రాడు, కథకుడు కాళీపట్నం రామారావుగారు, అందరికీ కారా మాస్టారు, 1997లో పెట్టిన ఇల్లు అది. తెలుగు కథ ఎక్కడ అచ్చయినా ఒక కాపీ అక్కడ ఉండాలని ఆయన ఊరూరా తిరిగి పోగుచేశారు. వాళ్ళు ఒక్కొక్క సంచికా దుమ్ము దులిపి చూస్తుంటే కాసేపు కూర్చున్నాను. నాన్న పేజీల పక్కన పెన్సిలుతో గీసుకున్న గీతలు కనిపించాయి.

కంచం మాత్రం హైదరాబాద్ తెచ్చుకున్నాను. పాత సామానువాడు కేజీ లెక్కన కొంటానన్నాడట, బాబాయి ఇవ్వలేదు. చింతపండు నానబెట్టి, పీచుతో తోమాను. మూడుసార్లు తోమితే గాని రంగు తేలలేదు. "గు", "రు" స్పష్టంగా ఉన్నాయి. "వా" సగం. "రం" దగ్గర చుక్కలు అరిగి నున్నగా అయిపోయాయి. అక్కడే అతను వేళ్ళు వేసేవాడు.

మా మనవరాలు వచ్చి పక్కన కూర్చుంది. ఇదంతా చెప్పాను, పెన్ను సంగతితో సహా. అంతా విని, "తాతా, ఆయన అసలు పేరేంటి?" అంది.

ఆలోచించాను. రాత్రిదాకా ఆలోచించాను. బాబాయికి ఫోన్ చేశాను. అటు చాలాసేపు చప్పుడు లేదు.

"గురువారం అబ్బాయే కదరా" అన్నాడు.